1943 రాగి సెంట్: అంచు మొద్దుగా ఉంటే నకిలీయేనా?

మింట్ గుర్తు (ఏ టంకశాలలో కొట్టారో చెప్పే అక్షరం) లేని 1943 లింకన్ సెంట్, అంటే అమెరికా ఒక సెంటు నాణెం, ఒకటి చేతికొచ్చింది. ఆ ఏడాది సెంట్లు ఉక్కుతో కొట్టారు, పొరపాటున కొన్ని మాత్రం రాగి బిళ్లల మీద పడ్డాయి. అయస్కాంతానికి అంటలేదు. బరువు 3.09 గ్రాములు (ఉక్కుదైతే 2.7 దగ్గర ఉండాలి), నీటిలో తూచితే సాంద్రత 8.8, అంటే రాగి పూత పూసిన ఉక్కు కాదు. 1948 నాణెం మీది 8ని అరగదీసి 3 చేశారేమో అని 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూశాను. గీతల్లేవు, 3 తోక ఉక్కు సెంట్ల మీద ఉన్నట్టే కిందికి పొడుగ్గా దిగింది.

తేలనిది అంచు ఒక్కటే. ఆ ఏడాది ఉక్కు కోసం ముద్రణ ఒత్తిడి పెంచారు కాబట్టి, పొరపాటున దూరిన రాగి బిళ్లల మీద అంచు, అక్షరాలు పదునుగా పడాలి. దీని మీద 'లిబర్టీ'లో ఎల్, దాని పక్క అంచు మొద్దుగా ఉన్నాయి. తేదీ మాత్రం పదునే, అందుకే అరుగుదల అనిపించడం లేదు. గ్రేడింగ్‌కి (నిపుణుల సంస్థ చేత పరీక్షించి ధ్రువీకరింపజేయడానికి) పంపుదామంటే రుసుము తక్కువేం కాదు.

అసలైన 1943 రాగి సెంట్‌లో అంచు ఇలా ఒక పక్కే మొద్దుగా ఉండే అవకాశం ఉందా, లేక ఇది నకిలీ డైతో (ముద్రణ అచ్చుతో) కొట్టినదా?