చారిత్రక నవల చదువుతూ మధ్యలో "ఇది నిజమేనా" అని ఆగి చూసుకోవాలా?

సూర్యాపేట పాఠకురాలు:

అందరికీ నమస్కారం. రెండు నెలల కింద మా నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. అక్షరాలు ఇంకా సరిగ్గా ఆనడం లేదంటే, రోజూ రాత్రి అన్నాలయ్యాక ఓ గంట నేనే చదివి వినిపిస్తున్నాను. ఇప్పుడు అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' నడుస్తోంది, కాకతీయ రాణి రుద్రమదేవి కాలం నాటి కథ.

ప్రతి రెండు పేజీలకూ నాన్న చెయ్యెత్తుతారు. "ఆగు బిడ్డా, ఇది జరిగిందేనా, ఆయన కల్పించిందా?" నేను ఫోన్ తీసి వెతుకుతాను. ఒక లింకు నుంచి ఇంకో లింకు. మొన్న గన్నారెడ్డి పెళ్ళివారి మీద విరుచుకుపడే చోట ఆపాం. ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ పుస్తకం తీస్తే ఎక్కడున్నామో ఇద్దరికీ గుర్తు లేదు. "అక్కా, ఆ ఫోన్ పక్కన పెట్టు, కథ చల్లారిపోతోంది" అని తమ్ముడి గోల.

నాన్న ఊరికే అడగడం లేదు. ఆయన పుట్టింది నకిరేకల్ దగ్గర. అక్కడి చందుపట్ల ఊళ్ళో ఉన్న శాసనం రాయి సంగతి బాగా తెలుసు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు గుడికి భూమి ఇచ్చాడని దాని మీద ఉంది. 1289 నవంబరు నాటిది. అది బయటపడక ముందు ఆవిడ 1295 దాకా ఏలిందనే అనుకునేవారు. బాపిరాజు గారు 1952లోనే పోయారు. ఆయన నవల రాసేనాటికి ఈ శాసనం వెలుగులోకి రాలేదు. అందుకే నాన్న పట్టుదల: "రాసినాయనకు తెలవనిది మనకు తెలిసినంక, తెలవనట్టు ఎట్ల వినాలె?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీరు ఇలాంటి నవలలు ఎలా చదువుతారు? మధ్యమధ్యలో చూసుకుంటారా, అయిపోయాక చూసుకుంటారా?

పాత పుస్తకాల పెట్టె:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి. నాకు రెండు చదువులు. మొదటిసారి కథ కోసం, ఎక్కడా ఆగను. అనుమానం వచ్చిన చోట పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క మాత్రం పెడతాను. రెండోసారి ఆ చుక్కల దగ్గరే ఆగుతాను. పిల్లలకీ అదే చెప్పేవాణ్ణి.

రెండోసారి ఏం తెలుస్తుందంటే, నిజానికీ కల్పనకీ అతుకు ఎక్కడ వేశారో కనిపిస్తుంది. రుద్రమను మగపేరుతో రుద్రదేవ మహారాజని పిలవడం శాసనాల్లో ఉన్నదే. ఆమె తర్వాత రాజైన ప్రతాపరుద్రుడు కూతురి కొడుకే. ఆమె సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడ్డదీ నిజమే. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తను ఎవరెవర్ని గెలిచాడో వరసపెట్టి చెప్పుకున్నాడు. రుద్రమ అతనితో జరిగిన యుద్ధంలోనే పోయి ఉంటుందని చరిత్రకారులు చందుపట్ల రాయినీ ఈ త్రిపురాంతకం రాయినీ పక్కపక్కన పెట్టి ఊహించారు. ఊహే సుమా. ఏ రాయీ ఆ మాట నేరుగా అనలేదు. అంటే చరిత్ర రాసేవాళ్ళూ ఖాళీలు పూరిస్తూనే ఉన్నారు. తేడా ఏంటంటే, పూరించిన చోట "కావచ్చు" అని రాస్తారు. నవలాకారుడికి ఆ మాట రాసే వీలు లేదు. అతని పాత్ర గుర్రం ఎక్కాలి, మాట్లాడాలి.

రాతలో ఉన్నదంతా నిజం అనీ అనుకోవద్దు. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని ఎంతగానో మెచ్చుకున్నాడు, కానీ ఆవిణ్ణి చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఆ కాలంలో బతికి, ఈ తీరం గురించి రాసినవాడే అంత తప్పు రాశాడు. బాపిరాజు గారిని ఒక్కర్నే నిలదీయడం న్యాయం కాదు.

రాయచూరు నుంచి:

నవలలో గన్నారెడ్డి గజదొంగ వేషంలో తిరుగుతాడు కదా. మా ఊరి కోటకు వస్తే ఆ పేరు రాతి మీద కనిపిస్తుంది. 1294లో గోన గన్నయ రెడ్డి తరఫున విఠలనాథుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ గెలిచి ఈ కోట కట్టించాడని తెలుగులో చెక్కించారు. ఆ రాయి పొడవు దాదాపు 41 అడుగులు! ఒకే రాయి.

మా అబ్బాయికి పదేళ్ళు. వాణ్ణి తీసుకెళ్తే అక్షరాలకేసి చూడనే లేదు. అదే గోడలో ఇంకో రాయి మీద, ఆ పెద్ద రాయిని బండి మీద పెట్టి పశువుల జోడీల చేత లాగిస్తున్న బొమ్మ గీతలుగా చెక్కి ఉంది. వాడు ఆ జోడీలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నాన్నా, ఒకటి పడిపోతే ఏం చేసేవాళ్ళు?" అన్నాడు. అక్కడే కథ మొదలవుతుందని నాకు అనిపించింది. నేను నవల చదివింది కూడా ఆ తర్వాతే. కాబట్టి నా ఓటు మీ నాన్నగారికి. ముందు నిజం తెలిసినా కథ రుచి తగ్గదు.

చెన్నైలో తెలుగు:

ఇక్కడ తమిళుల 'పొన్నియిన్ సెల్వన్'దీ ఇదే కథ, చోళుల మీద కల్కి గారు రాసిన నవల అది. చోళ యువరాజు ఆదిత్య కరికాలుణ్ణి చంపిన ద్రోహులని సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడనే అన్నదమ్ముల పేర్లు ఉడయార్‌గుడి శాసనంలో ఉన్నాయి. వాళ్ళ ఆస్తులు జప్తు చేశారు. ఎందుకు చంపారో మాత్రం లేదు. కల్కి గారు ఆ ఖాళీలో నందిని అనే కల్పిత పాత్రను నిలబెట్టారు. నా స్నేహితులు చాలామంది నందిని నిజంగా ఉందనే అనుకుంటారు, అక్కడే నాకు బాధ. నవల వెనక పేజీలో "ఇవి నా కల్పన" అని రచయిత చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సూర్యాపేట పాఠకురాలు:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, మీ చుక్క పద్ధతి మొదలుపెట్టాం. నాన్న చెయ్యెత్తగానే పేజీ పక్కన చుక్క పెట్టి ముందుకు పోతున్నాను. నాలుగు రాత్రుల్లో పదిహేడు చుక్కలయ్యాయి. ఆదివారం పొద్దున ఫోన్ తీసి వరసగా చూసుకుంటాం. రాయచూరు రాయి సంగతి చదివి వినిపిస్తే నాన్న రెండుసార్లు చదివించుకున్నారు.

నిన్న రాత్రి లైటు తీశాక ఆయన అన్న మాట ఇక్కడ పెడుతున్నాను. "బిడ్డా, పువ్వుల ముమ్మడి రాయి చెక్కించిండంటే ఆయన బతికొచ్చినట్టే కదా. మల్లికార్జునుని బంటాయె, అక్కడేమైందో కండ్లార చూసే ఉంటడు. మరి ఎట్ల సచ్చిపోయిన్రో ఒక్క ముక్కన్న ఎందుకు రాయించలేదు?"

నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ముమ్మడిని పాత్రగా పెట్టి ఎవరైనా నవల గానీ కథ గానీ రాశారా? మీ ఎరుకలో ఉంటే చెప్పండి. గన్నారెడ్డి అయిపోగానే అదే మొదలుపెడతాం.