గో, వెంట్, గాన్ అన్నీ బట్టీ వచ్చు, నోరు తెరిస్తే మాత్రం తప్పే

బెజవాడ_బీటెక్:
మొన్న ఒక ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పు అనగానే "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021" అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి, "హావ్ ఎందుకండీ అక్కడ?" అన్నాడు. అంతే, టెన్షన్ పట్టుకుంది, తర్వాత "ఐ డిడ్ నాట్ వెంట్" అని కూడా అనేశా. 12 టెన్సుల టేబుల్ ఇప్పుడు రాయమన్నా తప్పు లేకుండా రాస్తాను, మాటలోకే రావట్లేదు. మీకెలా కుదిరిందో చెప్పండి. టేబుల్ మళ్ళీ చదువుకో అని మాత్రం అనకండి, దండం పెడతా.

అమీర్‌పేట_పాత_బ్యాచ్:
తమ్ముడూ, ఆ 2021 వాక్యం మన రెజ్యూమెల్లో సగానికి సగం ఉంటుంది, నాదాంట్లోనూ ఉండేది. మనకి "పూర్తి చేశాను" అనే ఒక్క మాటతో పనైపోతుంది, వాళ్ళకి రెండున్నాయి. నిన్న, పోయిన వారం, 2021లో, అయిదేళ్ళ కిందట... ఇలా అయిపోయిన టైమ్ పేరు నోట్లోంచి వచ్చిందంటే ఇక హావ్ వద్దు. టైమ్ చెప్పకుండా పని అయిందని మాత్రమే చెప్తే హావ్ పెట్టుకో. ఊరికే "ఐ హాడ్ గాన్ టు తిరుపతి యెస్టర్‌డే" అనేవాళ్ళు ఇంకో రకం, హాడ్ పెడితే ఇంగ్లీష్ బరువుగా వినిపిస్తుందని కాబోలు. జరిగిపోయిన పనులు రెండుంటే, వాటిలో ముందు జరిగినదానికి హాడ్. నేను స్టాండ్‌కి వెళ్ళేసరికే బస్సు వెళ్ళిపోయింది అనుకో, హాడ్ బస్సుది, నాది కాదు: "వెన్ ఐ రీచ్డ్ ద స్టాండ్, ద బస్ హాడ్ లెఫ్ట్."

నెల్లూరు_టీచరమ్మ:
"డిడ్ నాట్ వెంట్" గురించి నేను పిల్లలకి చెప్పేది చెప్తాను. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళారు అంటాం కదా, ఇప్పుడు కాదని చెప్పండి. నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. "వెళ్ళ" దగ్గర జరిగిపోయిందన్న గుర్తేమైనా మిగిలిందా? లేదు, భారమంతా "లేదు" మోస్తోంది. వాళ్ళ "డిడ్ నాట్" కూడా అంతే, భారం అది మోస్తుంది కాబట్టి "గో" ఉత్తి చేతులతో వస్తుంది. ఇది చెప్పాక మా ఎనిమిదో తరగతిలో ఈ తప్పు బాగా తగ్గింది. కాకపోతే ప్రశ్న అడిగేటప్పుడు "డిడ్ యూ కేమ్?" ఇంకా వినబడుతూనే ఉంది.

డల్లాస్_పిన్ని:
నేనొచ్చిన కొత్తలో నడుం నొప్పితో డాక్టర్ దగ్గరికెళ్ళాను. ఎన్నాళ్ళ నుంచి అని నర్సు అడిగితే "ఐ హాడ్ పెయిన్ ఫర్ త్రీ డేస్" అన్నాను. "ఓ గుడ్, ఇప్పుడు తగ్గిపోయిందా?" అంటుంది! తగ్గిపోతే నేనెందుకొస్తానమ్మా. మూడు రోజుల నుంచి నొప్పిగా ఉంది అని మనం చెప్పేదానికి వాళ్ళు "ఐ హావ్ హాడ్ దిస్ పెయిన్ ఫర్ త్రీ డేస్" అనాలి, మొదలైంది అప్పుడు, ఉన్నది ఇప్పుడూ. పక్క పక్కన ఆ హావ్, హాడ్ పలకడానికి నాకు నెల పట్టింది.
ఇంకోటి, ఇక్కడివాళ్ళు తిన్నావా అంటే "ఐ ఆల్రెడీ ఏట్" అనేస్తారు, బ్రిటన్‌లో అయితే ఎక్కువగా "ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్" వినిపిస్తుంది. రెండూ విని మా అబ్బాయిని తప్పు పట్టి నేనే నాలిక్కరుచుకున్నా.

రాజమండ్రి_రాత్రిబండి:
నాకు వెలిగింది ఒక్కటే, బ్రో. వాడు వైజాగ్ వెళ్ళాడు, అంటే మనిషి ఇంకా ఇక్కడ లేడు, "హాజ్ గాన్". వెళ్ళొచ్చాడు అంటే ఇంటికొచ్చేశాడు, "హాజ్ బీన్". తేడా మనకి ముందే తెలుసన్నమాట, ఎవరూ చూపించలేదంతే. అలాగే చిన్నప్పుడు ఏట్లో ఈదేవాణ్ణి అంటే "యూజ్డ్ టు స్విమ్". ఒక్కచోట మాత్రం తెలుగు ముంచుతుంది: నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తింటున్నాను అంటాం, మనకి అది చక్కగా సరిపోతుంది, అదే నోటితో "వెన్ యూ కాల్డ్ ఐ యామ్ ఈటింగ్" వచ్చేస్తుంది. వాజ్ కావాలక్కడ.

మొండి_విద్యార్థి:
నాకీ తెలుగు లెక్కలు పడవు. మాట్లాడేటప్పుడు వెళ్ళొచ్చాడా, వెళ్ళాడా అని లోపల తేల్చుకునేలోపు ఎదుటివాడు టాపిక్ మార్చేస్తాడు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్షలో స్పీకింగ్ అప్పుడు టాపిక్ రాసిన కార్డు ఇచ్చి ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషమే ఇస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి, అందులో పాత సంగతి చెప్పమనే కార్డులు చాలా ఉంటాయి. నేను చేసింది, రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగింది ఫోన్‌లో రికార్డు చేసి పొద్దున్నే వినడం. మొదటి వారం నా గొంతు నాకే అసహ్యంగా ఉండేది. పైగా వాకెడ్, వాషెడ్ అని చదువుతున్నానని అప్పుడే తెలిసింది, వాక్ట్, వాష్ట్ అనాలట, "ఎడ్" మోగేది వాంటెడ్, నీడెడ్ లాంటి వాటిలోనే.

నెల్లూరు_టీచరమ్మ:
అవును బాబూ, చివర్లో ట్, డ్ శబ్దం ఉన్నవాటికే అది. రికార్డింగ్ ఐడియా మా పిల్లలకి చెప్తాను.

బెజవాడ_బీటెక్:
అందరికీ థాంక్సండీ. రేపు ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఇది చూడండి: "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021. ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ ఎ స్టార్టప్ ఫర్ టూ ఇయర్స్." ఓకేనా?

అమీర్‌పేట_పాత_బ్యాచ్:
ఆ స్టార్టప్‌లో ఇంకా చేస్తున్నావా?

బెజవాడ_బీటెక్:
లేదన్నా, పోయిన డిసెంబర్‌లో మానేశా.

అమీర్‌పేట_పాత_బ్యాచ్:
అయితే ఆ హావ్ కూడా తీసెయ్, ఉంచితే పిన్ని నొప్పిలా ఇంకా నడుస్తోందనుకుంటారు. వర్క్‌డ్ చాలు. ఎందుకు మానేశావని అడుగుతారు, అది కూడా ఇప్పుడే ఒకసారి పైకి చెప్పి చూసుకో.