మెడికల్ షాపులో అడ్రినలిన్ ఇంజెక్షన్ వేయనివ్వాలా?

బ్రాడీపేట_ఫార్మసిస్ట్:
బ్రిటన్‌లో 2012 నాటి మందుల నిబంధనల ప్రకారం, తీవ్రమైన అలర్జీతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు అడ్రినలిన్ ఎవరైనా వేయవచ్చు. ఇక్కడ బీఫార్మసీ చదివిన నేను, ఎదుట మనిషి ఊపిరాడక విలవిల్లాడుతుంటే 108కు ఫోను చేసి చూస్తూ నిలబడాలి. ఈ ఒక్క ఇంజెక్షన్‌కైనా ఫార్మసిస్టులకు అనుమతి ఇవ్వాలి.

కొత్తపేట_డాక్టర్:
ఒప్పుకోను. ఆంప్యూల్ అంటే చిన్న గాజు సీసా, అందులో ఒక మిల్లీలీటరులో ఉండేది 1 మిల్లీగ్రాము. పెద్దవాళ్లకు అందులో సగమే, అదీ తొడ కండరంలోకి. కంగారులో మొత్తం నరంలోకి ఎక్కిస్తే గుండె లయ తప్పి మనిషి పోవచ్చు.

తెనాలి_రైతు:
పొలంలో కందిరీగలు కుట్టి మా బావమరిది ముఖమంతా వాచింది. సెంటర్లో మెడికల్ షాపుకు తీసుకెళ్తే అవిల్ అనే అలర్జీ మాత్ర ఇచ్చి గుంటూరు వెళ్లమన్నారు. దారిలోనే పోయాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

సత్తెనపల్లి_అమ్మ:
అవిల్‌ను తీసిపారేయకండి. మా పాపకు దద్దుర్లు వస్తే దానితోనే తగ్గాయి.

బ్రాడీపేట_ఫార్మసిస్ట్:
అమ్మా, అవిల్ దద్దుర్లను తగ్గిస్తుంది. పడిపోతున్న బీపీని నిలబెట్టదు, వాచిపోతున్న గొంతును తెరవదు. ఆ పని అడ్రినలిన్‌దే. డాక్టరు గారూ, ఆరేళ్ల లోపు పిల్లలకు 0.15 మిల్లీలీటరు, పన్నెండేళ్ల లోపు 0.3, ఆ పైన 0.5. గోడకు అంటించుకుంటే సరిపోయే లెక్క ఇది. అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్న మందు, ధర కూడా తక్కువే.

కొత్తపేట_డాక్టర్:
లెక్క ఒక్కటే కాదు. భయంతో కళ్లు తిరిగి పడిపోయినవాడికీ, అలర్జీతో పడిపోయినవాడికీ తేడా ఎవరు చెబుతారు? అయిదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు ఎవరు వేస్తారు? తగ్గిన కొన్ని గంటలకు మళ్లీ తిరగబెడితే? అన్నిటికీ మించి నరంలోకి వెళ్తే?

బ్రాడీపేట_ఫార్మసిస్ట్:
మళ్లీ నరం మాటేనా? ఆసుపత్రికి వెళ్లవద్దని ఎవరన్నారు? అక్కడికి చేరేదాకా ప్రాణం నిలవాలి కదా! మీ క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేసే అమ్మాయి ఏం చదివిందో చెప్పండి ముందు.

పటమట_పాఠకుడు:
ఇద్దరూ కాస్త శాంతించండి.

కొత్తపేట_డాక్టర్:
నా క్లినిక్‌లో ఆ అమ్మాయి పక్కన నేనుంటాను. మీ షాపుల్లో ఎవరుంటారమ్మా? గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో పదో తరగతి చదివిన కుర్రాడు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప మందు ఇవ్వకూడదని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఎన్ని చోట్ల అమలవుతోంది? నా భయం మీ చదువు మీద కాదు, ఆ కుర్రాడి చేతిలో సిరంజి మీద.

బ్రాడీపేట_ఫార్మసిస్ట్:
ఆ మాట మొదటే అని ఉండవలసింది. సర్టిఫికెట్లు అద్దెకిచ్చేవాళ్ల వల్ల అందరికంటే నష్టపోయింది నాలాంటివాళ్లమే. కాగితం దొరుకుతుంటే మనిషికి జీతమెందుకని యజమానులు అంటారు. ఇంజెక్షన్ బాధ్యత పెడితే ఆ మనిషి షాపులో ఉండక తప్పదు. అనుమతి కావాలనేది అందుకే.

తెనాలి_రైతు:
ఆ రోజు మాత్ర ఇచ్చింది ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. తరువాత వెళ్లి అడిగితే, ఫార్మసిస్టు ఊళ్లో లేరన్నారు.

కొత్తపేట_డాక్టర్:
అయ్యా, మీకు జరిగింది ఘోరం. నేననేదీ అదే. ముందు మనిషిని షాపులో కూర్చోబెట్టండి, ఇంజెక్షన్ సంగతి తరువాత.

బ్రాడీపేట_ఫార్మసిస్ట్:
ఆ చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది డాక్టరు గారూ. ఇంకెంతకాలం ఆగాలి? రోజంతా షాపులో ఉండేవాళ్లకైనా ఇవ్వండి.