ఫ్రిట్జ్ లాంగ్ ఆ రాత్రే పారిపోయాడా, కథ అల్లాడా?

రీలుపెట్టె:
'మెట్రోపొలిస్' (1927) అనే జర్మన్ మూకీ తీసిన దర్శకుడు లాంగ్, తాను జర్మనీ వదిలిన తీరు గురించి బతికున్నంత కాలం ఒకే కథ చెప్పాడు. 1933లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ పిలిపించి జర్మన్ సినిమా పెత్తనం నీదే అన్నాడట. వింటున్నంతసేపూ ఈయన చూపు కిటికీ అవతలి గడియారం మీదేనట. బ్యాంకులు మూసేశారు, చేతికందింది తీసుకుని ఆ రాత్రే పారిస్ రైలెక్కేశాడట. నా మటుకు ఇది స్క్రీన్‌ప్లే. ఆయన పాస్‌పోర్టు ముద్రలు చూస్తే జూలై 31 దాకా బెర్లిన్‌కి వస్తూ పోతూనే ఉన్నాడు. గోబెల్స్ డైరీలో ఈ భేటీ ఊసే లేదు.

గోదారిగట్టు:
డైరీలో లేకపోతే జరగనట్టేనా అండీ? అదే డైరీలో 1931లో లాంగ్ సినిమా 'ఎమ్' చూసి, ఈయన ఏదో ఒకరోజు తమవాళ్ళ దర్శకుడవుతాడని రాసుకున్నాడు. 1933 మార్చి 28న కైసర్‌హోఫ్ హోటల్లో సినిమావాళ్ళని కూర్చోబెట్టి లాంగ్ తీసిన 'నీబెలుంగెన్' సినిమాని పొగిడాడు. మర్నాడే లాంగ్ కొత్త సినిమా, డాక్టర్ మబూజె వీలునామా కథ, నిషేధించారు. ఒక చేత్తో పూలదండ, ఇంకో చేత్తో కత్తెర. పిలిచే ఉంటాడు.

రీలుపెట్టె:
పిలవలేదని నేనెక్కడన్నాను? ఆ రాత్రే రైలెక్కలేదంటున్నా.

పాత టిక్కెట్టు:
నాకు వేరే అనుమానం. దీన్ని ప్రవాసం అనొచ్చా? పారిస్‌లో 'లిలియోం' తీసే పని, ఆనక 1934లో హాలీవుడ్ ఒప్పందం. మంచి ఉద్యోగం దొరికి వెళ్ళినట్టే ఉంది. విడాకులిచ్చిన భార్య థియా ఫాన్ హార్బో జర్మనీలోనే ఉండి నాజీ పార్టీలో చేరింది. (ఆవిడ కాపురం మాత్రం ఆయీ టెండూల్కర్ అనే మన దేశపు జర్నలిస్టుతో. ఇది సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు.)

గోదారిగట్టు:
లాంగ్ తల్లి పుట్టింది యూదు ఇంట. పారిస్‌లో పని ఇచ్చిన నిర్మాత ఎరిక్ పోమర్‌నీ ఆ వసంతంలోనే జర్మనీలోని ఉఫా స్టూడియో యూదుడని పంపేసింది. నాలుగు నెలలు సర్దుకుని వెళ్ళినంత మాత్రాన ఇష్టపడి వెళ్ళినట్టా? ఇల్లు తగలబడుతుంటే పెట్టె సర్దుకున్నవాణ్ణి షికారుకెళ్ళాడంటామా?
అసలు ఈ లెక్కన జో మే సంగతేంటి? లాంగ్‌ని రచయితగా తొలిరోజుల్లో చేరదీసినవాడు, మూకీల్లో మహా నిర్మాత. ఆయనా ప్రవాసం పోయాడు. హాలీవుడ్‌లో నిలదొక్కుకోలేక చివరికి లాస్ ఏంజెలిస్‌లో భార్యతో కలిసి రెస్టారెంట్ పెట్టాడు, అదీ మూతపడింది. ఆయనకి గడియారం కథ లేదు, అందుకే ఇక్కడెవరూ ఆయన మీద చర్చ మొదలెట్టరు.

రీలుపెట్టె:
ఒప్పుకుంటున్నా, ప్రవాసం నిజమే. తేదీ మాత్రం అబద్ధం, అది వదలను.
జో మేవి ఏవి చూడాలి?

గోదారిగట్టు:
1921 నాటి 'ఇండియన్ టోంబ్', రెండు భాగాలు. రాసింది లాంగ్, హార్బోలే. తానే తీద్దామనుకున్న లాంగ్‌కి ఇవ్వకుండా జో మే తీసుకున్నాడు. లాంగ్ ఆ కథని తానే తీయడానికి 1958లో ఉదయ్‌పూర్ దాకా వచ్చాడు. ఒక్కరోజులో రెండూ చూడకండి, నిద్రొస్తుంది.