పాత మూగ కామెడీలు పిల్లలకి చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
సెలవులు కదా, మావాడికి ఏడేళ్లు, రోజంతా ఫోన్‌లో అర నిమిషం వీడియోలే. నేను చిన్నప్పుడు టీవీలో చాప్లిన్‌ని చూసి పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని, ఆ సరదా వీడికీ చూపిద్దామని మొన్న ఒక పెద్ద సినిమా పెట్టాను. పావుగంటకే లేచి వెళ్లిపోయాడు. వాణ్ణి అనడానికి కూడా లేదు, నాకే విసుగొచ్చింది. మనుషులంతా చీమల్లా గబగబా పరిగెడుతున్నారు, వెనకాల సంబంధం లేని పియానో ఒకటే మోత, బొమ్మ చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా అలికేసి ఉంది. అప్పట్లోనూ ఇలాగే ఉండేవా? చిన్నవి, ఒక్క కూర్చోవడంలో అయిపోయేవి ఏవైనా చెప్పండి. మా అత్తగారు కూడా చూస్తారు, ఆవిడకి ఇంగ్లీషు రాదు.

రీలుబండి:
ముందు ఆ వేగం సంగతి. అప్పటి కెమెరాలు చేత్తో తిప్పేవి. సెకనుకి 16, 18 ఫ్రేములు, అంటే విడి ఫొటోలు, అలా తీసేవాళ్లు, మనిషిని బట్టి అటూ ఇటూ ఉండేది. మాటలొచ్చాక 24 స్థిరపడింది. 16తో తీసినదాన్ని 24తో నడిపితే ఒకటిన్నర రెట్లు పరిగెత్తదూ మరి! అయితే అంతా మన తప్పేం కాదు, తరుముకునే సీన్లలో కామెడీవాళ్లు కావాలనే హ్యాండిల్ నెమ్మదిగా తిప్పించేవాళ్లు, తెర మీద హడావిడి రావాలని. కాబట్టి కొంచెం వేగం ఉంటుంది, మరీ చీమల్లా ఉంటే మాత్రం ఆ కాపీ చెత్తది. కాపీకి కాపీ తీసి, దానికి మళ్ళీ కాపీ తీసి ఎవరో ఎక్కించి ఉంటారు. లోబ్‌స్టర్ ఫిల్మ్స్, బొలోన్యా సినెటెకా వాళ్లు బాగుచేసిన ప్రింట్లు ఉన్నాయి, ఆ పేర్లు చూసి వెతకండి. మొహంలో కండరం కదిలినా కనిపిస్తుంది.

రెండోది, పెద్ద సినిమాతో మొదలుపెట్టడమే పొరపాటు. వీళ్లంతా చెయ్యి తిరిగింది రెండు రీళ్ల వాటితోనే. రెండు రీళ్లంటే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మ్యూచువల్ కంపెనీకి చాప్లిన్ 1916, 17లలో ఇలాంటివి 12 తీశాడు, అవి అందుకోండి.

కీటన్ వీరాభిమాని:
చాప్లిన్ తర్వాత చూడొచ్చు, ముందు బస్టర్ కీటన్ 'వన్ వీక్' పెట్టండి. 1920లో వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంటకి పెట్టెల్లో సర్దిన ఇల్లు కానుకగా వస్తుంది, నంబర్ల ప్రకారం బిగించుకోవడమే. ఆ పిల్లని చేసుకోవాలనుకుని భంగపడినవాడొకడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. ఇంక చూస్కోండి ఆ ఇల్లు! కప్పు ఒక వంక, గోడ ఒక వంక, మేడ మీది తలుపు తీసి అడుగేస్తే గాల్లోకే.

పియానో తెచ్చేవాడి సీన్ ఒకటి ఉంది. వాడు పియానోని తలగడలా భుజాన వేసుకొచ్చి కీటన్ చేతికి అందిస్తాడు, కీటన్ దాని కింద అప్పడమైపోతాడు. అంతే సీను. వాడి మొహంలో బరువు లేదు, వీడి మొహంలో ఆశ్చర్యం లేదు, అదే నవ్వు. కీటన్ చిన్నప్పట్నుంచి అమ్మానాన్నలతో స్టేజి మీద ఉన్నవాడు, తండ్రి వాణ్ణి ఎత్తి విసిరేయడమే వాళ్ల ఐటెమ్. తను నవ్వితే జనం నవ్వడం తగ్గుతోందని అప్పుడే కనిపెట్టాడట, అందుకే ఆ రాయి లాంటి మొహం. తుఫానులో ఇల్లు గిర్రున తిరిగే సీన్‌కి తిరిగే దిమ్మ మీద నిజంగానే ఇల్లు కట్టారు, బొమ్మ ఇల్లు కాదు. చివర్లో రైలు వస్తుంది. అక్కడ తెరని కాదు, మీవాడి మొహం చూడండి.

బందరు లడ్డు:
కీటన్ గొప్పోడే, కాదనను, కానీ ఏడేళ్ల పిల్లాడికి ఆ మొహం అర్థం కావడానికి టైం పడుతుంది. లారెల్ హార్డీ అలా కాదు, సన్నోడు, లావోడు, చూడగానే విషయం తెలిసిపోతుంది. 'ది మ్యూజిక్ బాక్స్' పెట్టండి, 1932ది, ఆస్కార్ కూడా వచ్చింది. మాటలున్నాయి గానీ మీ అత్తగారికి ఒక్క మాట అర్థం కాకపోయినా నష్టం లేదు. ఇద్దరూ కలిసి ఒక పియానో పెట్టెని పొడవాటి మెట్ల మీదుగా పైకి ఎక్కించాలి. అదే కథ. లాస్ ఏంజెలిస్‌లో ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, నూట ముప్పై పైచిలుకు.

ఇందులో వేగం అనేదే లేదు, గమనించండి. పెట్టె జారబోతుందని మనకి ముందే తెలుసు, వాళ్లకి తెలీదు, అది జారేదాకా మనల్ని కూర్చోబెడతారు. మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకి ఎక్కించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పోస్ట్‌మన్ వచ్చేదాకా మాత్రం ఎవర్నీ లేవనివ్వకండి, ఎందుకో చెప్పను.

రీలుబండి:
ఇది నచ్చితే వాళ్లదే మాటల్లేని 'బిగ్ బిజినెస్', 1929. ఎండలో క్రిస్మస్ చెట్లు అమ్మబోయి ఒకాయనతో గొడవ. వీళ్లు ఆయన ఇల్లు పగలగొడుతుంటారు, ఆయన వీళ్ల కారు పగలగొడుతుంటాడు, కానీ ఒకరు పగలగొట్టేటప్పుడు రెండోవాళ్లు మర్యాదగా నిలబడి చూస్తారు! మన వీధి గొడవల్లో అంత క్రమశిక్షణ ఎక్కడిది.

ఇద్దరు పిల్లల నాన్న:
ఒక్క జాగ్రత్త. వెతికితే త్రీ స్టూజెస్, అదే ఒకర్నొకరు బాదుకునే ముగ్గురి కామెడీలు, కూడా కుప్పలుగా వస్తాయి, కొలంబియా సినిమా కంపెనీకి 190 చిన్నవి చేశారు మరి. మా ఇంట్లో పెట్టిన వారానికి పెద్దోడు చిన్నోడి కళ్లల్లోకి రెండు వేళ్లు పెట్టబోయాడు. అప్పట్నుంచి బంద్.

సాయంత్రం షో:
చాప్లిన్‌ని అందరూ పక్కన పెట్టేశారేంటండీ. 'ది ఇమిగ్రెంట్', 1917, మొదటి నిమిషం చూడండి చాలు. ఓడ ఊగుతోంది, అందరికీ కడుపులో తిప్పుతోంది, మనోడు అంచు మీదకి వంగి వీపు చూపిస్తూ గిలగిలా కొట్టుకుంటున్నాడు. పాపం వాంతి అనుకుంటాం. ఇటు తిరిగితే చేతిలో చేప!

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న రాత్రి 'వన్ వీక్', 'ది మ్యూజిక్ బాక్స్' రెండూ చూశాం, బాగుచేసిన ప్రింట్లు వెతికే పెట్టాను, ఆ తేడా నిజం.

'వన్ వీక్'లో ఇల్లు పట్టాల మీద ఇరుక్కుపోయింది, రైలు వచ్చేస్తోంది, మావాడు నా చెయ్యి పట్టేసుకున్నాడు. రైలు పక్క పట్టాల మీదుగా వెళ్లిపోయింది. "హమ్మయ్య" అని నావైపు తిరిగాడు, సరిగ్గా అప్పుడే అటు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కు చేసింది, వాడు మిస్సయ్యాడు! నాలుగుసార్లు వెనక్కి తిప్పాల్సొచ్చింది. ఇంకో చోట ఆ అమ్మాయి స్నానం చేస్తూ సబ్బు జారవిడుచుకుంటుంది కదా, తీసుకోవడానికి వంగబోతుంటే కెమెరాకి ఒక చెయ్యి అడ్డం వస్తుంది. "అమ్మా, ఆ చెయ్యి ఎవరిది?" అని అడుగుతూనే ఉన్నాడు. కెమెరా అంకుల్‌ది అన్నాను, ఆయన్ని చూపించమంటాడు.

మా అత్తగారు లారెల్ హార్డీని చూడగానే "మన రమణారెడ్డి, రేలంగి లాగున్నారే" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. చివరికి ఎలాగోలా పెట్టె పైకి చేర్చారు, పోస్ట్‌మన్ వచ్చి వెనకవైపు రోడ్డుంది కదా, బండిలో తీసుకురావాల్సింది అన్నాడు, వీళ్లు అవునే అని పెట్టెని మళ్ళీ కిందకి దింపడం మొదలెట్టారు. ఇంగ్లీషు రాని మనిషి గట్టిగా, "ఓరి మీ ఇల్లు బంగారం గానూ, ఎక్కించేశారు కదరా!"

పొద్దున్నుంచి మావాడు సోఫా దిండ్లని అపార్ట్‌మెంట్ మెట్ల మీదుగా ఎక్కిస్తున్నాడు. ఇవాళ రాత్రికి చేప.