పాతకాలం రేజర్‌కి మారితే నిజంగా డబ్బు మిగులుతుందా?

మద్దిలపాలెం కుర్రోడు:

రోజు విడిచి రోజు గడ్డం గీసుకుని రుషికొండ దగ్గర ఆఫీసుకి వెళ్లాలి. ఇన్నాళ్లూ మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజరే. నిన్న ద్వారకానగర్‌లో నాలుగు కార్ట్రిడ్జ్‌ల ప్యాకెట్‌కి 480 ఇచ్చి బయటికొచ్చాక ఒళ్లు మండింది. మా రూమ్మేట్ మాత్రం "డబుల్ ఎడ్జ్ రేజర్, అదే రెండంచుల బ్లేడు పెట్టే పాతకాలం రకం కొను, బ్లేడు మూడు రూపాయలు, ఇంక జీవితాంతం మిగులే" అంటాడు. వాడి బాత్రూమ్ అరలో చూస్తే మూడు రేజర్లు, రెండు బ్రష్‌లు, ఐదు రకాల సబ్బులు. ఇదేం మిగులు? నిజంగా లెక్క రాసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా నాన్న పాత రేజర్ ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది గానీ, పిడి తిరగట్లేదు.

ఉక్కునగరం రిటైర్డ్:

బాబూ, నేను రాసుకున్నాను. స్టీల్‌ప్లాంట్ ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్లు రీడింగులు రాసిన చెయ్యి, ఖాళీగా ఉండనివ్వదు. పాల లెక్క పుస్తకంలోనే వెనక పేజీల్లో బ్లేడు మార్చిన తేదీ వేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది.

ఏడాదికి 180 షేవింగులు అనుకోండి. మీ కార్ట్రిడ్జ్ ఒక్కోటి 120, నాకైతే అది పదిహేను సార్లకి మించి రాలేదు. అంటే ఏడాదికి పన్నెండు, 1440 రూపాయలు. మూడు రూపాయల బ్లేడు నాకు నాలుగు సార్లు వస్తుంది, ఐదోసారికి పై పెదవి దగ్గర పీకుతుంది. ఏడాదికి 45 బ్లేడ్లు, 135 రూపాయలు. రేజర్ 650, బ్రష్ 200 పెట్టి కొన్నా మొదటి ఏడాదే 455 మిగిలాయి. రెండో ఏడాది నుంచి 1300 పైనే.

బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందో చెప్తాను, ఇది నా పిచ్చి. అందరూ తుప్పు అంటారు. కానీ వెంట్రుక ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తనైనా, అంచుని పెచ్చులూడేలా చేయగలదని అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2020లో 'సైన్స్' అనే పత్రికలో మైక్రోస్కోపు బొమ్మలతో చూపించారు. తుప్పు, అరుగుదల మాత్రమే కాదన్నమాట. అందుకే గడ్డం బాగా నానబెట్టాలి. వేడినీళ్ల గుడ్డ రెండు నిమిషాలు పెట్టండి, తడిసిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది. ఈ పని ఖర్చు లేనిది, దీన్నే అందరూ ఎగ్గొడతారు.

అలాగని మన వైజాగ్‌లో తుప్పుని తీసిపారెయ్యలేం. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది పైనుండే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర. సముద్రపు గాలిలోని ఉప్పు దానికి తూట్లు పొడుస్తుంది. మా అబ్బాయి పెదవాల్తేరులో ఉంటాడు, కిటికీ తీస్తే బీచ్ గాలే. వాడి రేజర్‌కి మర దగ్గర పూత లేచిపోయి తెల్లటి పొడి రాలుతోంది. చౌక రేజర్లు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసి పైన క్రోమ్ పూత వేసినవి. వాడాక రేజర్‌ని మూడు ముక్కలుగా విప్పి, కడిగి, దులిపి, బాత్రూమ్ బయట పెట్టండి.

గోపాలపట్నం సుబ్బు:

గురువుగారూ, లెక్క బాగానే ఉంది గానీ పోలికే తప్పు. 120 రూపాయల కార్ట్రిడ్జ్‌తో పోలిస్తే ఏదైనా చవకే. 2010లో జిల్లెట్ గార్డ్ అని మన దేశం కోసమే ఒకే బ్లేడు రేజర్ తెచ్చారు. అప్పట్లో రేజర్ 15, కార్ట్రిడ్జ్ 5. ఇప్పుడు నేను మా వీధి కొట్లో కార్ట్రిడ్జ్ పదికి కొంటున్నాను, ఎనిమిది సార్లు వస్తుంది. మీ 180 షేవింగులకి 23 కార్ట్రిడ్జ్‌లు, 230 రూపాయలు. మీకు 135. తేడా ఏడాదికి 95. మీ 650 రేజర్ డబ్బు తిరిగి రావాలంటే ఏడేళ్లు పట్టుద్ది!

ఇంకోటి, మా సెలూన్ అన్న కత్తిలో పెట్టేదీ ఈ రెండంచుల బ్లేడే. కాగితంతో పాటే మధ్యకి విరుస్తాడు, ఒక్కో మనిషికి ఒక్కో సగం. అంటే అతనికి మనిషికి పడే బ్లేడు ఖర్చు రూపాయిన్నర, మన దగ్గర తీసుకునేది 60.

సీతమ్మధార సీనియర్:

నేను ఆ రూమ్మేట్ టైపే, ఒప్పుకుంటున్నాను. మిగిలిన 1300 ఎక్కడికి పోతుందంటే, గంధం వాసన సబ్బు ఒకటి, ఇంకా బరువైన పిడి ఇంకోటి. పైగా తెల్లారి పదిహేను నిమిషాలు. ఇది ఖర్చు తగ్గించే పని కాదు, ముచ్చట. మా ఇంట్లో దాన్ని ముచ్చట అనే ఒప్పుకున్నాకే గొడవ తగ్గింది.

ప్రయాణాలుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. విమానంలో చేతిసంచిలో విడి బ్లేడ్లు ఒప్పుకోరు. తెలియక ఒకసారి కొత్త ప్యాకెట్ చెకింగ్ దగ్గర వదిలేసి, హైదరాబాద్‌లో దిగి సెలూన్ వెతుక్కున్నాను.

వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో వెయ్యకండి. చెత్త బండి మనిషి చేతులు కోసుకుపోతాయి. ఖాళీ టాల్కం పౌడర్ రేకు డబ్బాకి సన్నగా గాటు పెట్టి అందులో వేస్తున్నాను, రెండేళ్లయినా నిండలేదు.

మద్దిలపాలెం కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్. సుబ్బు గారి మాట మనసుకి పట్టింది, కానీ ఆ ఒక్క బ్లేడుది నా మెడ మీద గరుగ్గా పోతుంది, ఇదివరకే వాడి చూశాను. అందుకని కొత్తది కొనకుండా నాన్నదే బాగుచేద్దామనుకుంటున్నాను. పిడి కింద మర తిప్పితే పైన రెండు తలుపుల్లా తెరుచుకునే రకం. సబ్బు పేరుకుని బిగుసుకుపోయింది. అమ్మ చింతపండు పెట్టి తోమమంటోంది.

ఉక్కునగరం రిటైర్డ్:

చింతపండు వద్దు నాన్నా! అది ఇత్తడి చెంబు కాదు. లోపల ఇత్తడే అయినా పైన నికెల్ పూత ఉంటుంది, పులుపుకి మచ్చలు పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో తలుపుల కీళ్ల దగ్గర రుద్దండి. పటకారు పెట్టి తిప్పారో, మర పోతుంది. కదలకపోతే ఇంకో రాత్రి నానబెట్టండి.

తెరుచుకున్నాక మొదటిరోజు ఆఫీసున్న రోజు పెట్టుకోకండి. ఆదివారం గీసుకోండి, వెంట్రుక మొలిచిన వైపే, చెయ్యి బరువు వెయ్యకుండా. పూర్ణా మార్కెట్‌లో పది రూపాయల పటిక ముక్క తెచ్చి పక్కనే పెట్టుకోండి. మన ఉక్కపోతకి చెమట దిగి గాటు మీద పడితే, ఎంత లోతుగా తెగిందో అప్పుడు తెలుస్తుంది.