న్యూర్ల చరిత్రకు వలస కాలపు పుస్తకం ఒక్కటే ఆధారమైతే ఎట్ల రాయాలి?

నల్లగొండ_పీజీ:
ఇప్పటి దక్షిణ సూడాన్‌లో పశువులు మేపుకునే న్యూర్ తెగ మీద సెమినార్ పేపర్ ఉంది. చేతిలో ఉన్నది బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1940 పుస్తకం. రాజు లేడు, సర్కారు లేదు, వంశాల పోటాపోటీతోనే కట్టుబాటు నిలుస్తదన్నది అందులో ముఖ్యమైన మాట. దీన్ని 19వ శతాబ్దానికి కూడా రాయొచ్చా? మా సార్లేమో అసలు తెల్లోళ్ల రాతలే వద్దంటున్నరు.

పాలమూరు_పాఠకుడు:
19వ శతాబ్దానికి రాయొద్దు. ఆయన అక్కడికి పోయింది 1930లో, బ్రిటిష్ వాళ్లు నడిపే అప్పటి సూడాన్ సర్కారు అడిగితే, దాని పైసలతో. అంతకు ముందే అదే సర్కారు న్యూర్ల మీద విమానాలతో బాంబులేసింది. న్యూర్ల ప్రవక్త గ్వెక్ 1929లో ఆ సర్కారు చేతిలో హతమైండు. అంటే పుస్తకంలో కనిపించేది దెబ్బ తిన్న సమాజం. పైగా అన్ని విడతలూ కలిపి అక్కడ ఉన్నది ఏడాదే అని ఆయనే రాసిండు. నోట్సు రాసుకునేటప్పుడు ప్రతి మాట పక్కన ఏ ఏడు, ఏ ఊరు, ఎవరు చెప్పిన్రు, దుబాసీ ఎవరు అని నాలుగు గళ్లు పెట్టుకోండి. గడి ఖాళీగా ఉంటే ఆ మాట మీద బరువు మోపొద్దు.

మౌఖిక_చరిత్ర:
సార్ల మాట కూడా నేను ఒప్పుకోను. ఉత్తర ఘానాలో గోంజా రాజ్యం చూడండి. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు రాసుకున్న కథలో మూలపురుషుడు జక్పాకు ఏడుగురు కొడుకులు, అప్పుడు రాజ్యంలో భాగాలూ ఏడే. సుమారు 60 ఏండ్లకు రెండు భాగాలు పోయినయి, కథలో కొడుకులు ఐదుగురే మిగిలిన్రు! పాత కాగితం లేకుంటే ఈ కోత ఎవరికీ తెలిసేది కాదు. పెద్దమనుషుల నోటిమాటకైనా తేదీ వేయాల్సిందే.

అమ్రాబాద్_అడవి:
ఇంకో చిక్కుంది. అచ్చయిన పుస్తకం తిరిగి ఊళ్లోకే పోతది, బడిలో చదివినోళ్లు దాన్నే తాతల మాటగా చెప్తరు. అప్పుడు రెండు సాక్ష్యాలు కలిసినయని లెక్కేస్తే మోసపోతం. మన నల్లమల చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన 1943 పుస్తకానికీ ఇదే పరీక్ష పెట్టాలె.

నల్లగొండ_పీజీ:
మరి వాక్యం ఎట్ల రాయాలన్నా?

పాలమూరు_పాఠకుడు:
"1930లలో, సైనిక దాడుల తర్వాత, న్యూర్లలో కేంద్ర అధికారం కనిపించలేదని ఇవాన్స్-ప్రిచర్డ్ రాశాడు." ఇంతవరకే. ఆ ముందరి కాలం కోసం పొరుగున ఉండే డింకా తెగ కథనాలు, పాత సర్కారీ రిపోర్టులు విడిగా చూడండి.